అప్‌డేట్: రిటైరైన మా నాన్నగారి కాక్‌పిట్ సీటు సంగతి

పోయిన నెల అడిగాను కదా, డల్లాస్‌లో ఎయిర్‌లైన్ కెప్టెన్‌గా రిటైరైన నాన్నగారు ఇకమీదట కాక్‌పిట్‌లోని జంప్ సీట్‌లో (పైలట్ల వెనక ఉండే అదనపు సీటు) కూర్చుని ప్రయాణం చేయవచ్చా అని. కుదరదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో కాక్‌పిట్ నియమాలు బాగా బిగించారు. ఈ పైలట్ ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నారా, లైసెన్సు ఉందా అని గేటు దగ్గరే ‘కాస్’ అనే వ్యవస్థలో చూస్తారు. 65 నిండి ఉద్యోగం ముగియగానే ఆయన పేరు అందులోంచి పోయింది.

బ్యాడ్జి తిరిగిచ్చి వచ్చిన రోజు, టోపీ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. నాకు కడుపు తరుక్కుపోయింది. భద్రత ముఖ్యమే, ఒప్పుకుంటాను. అయినా ముప్పై ఏళ్లు తెరుచుకున్న తలుపు అది.

సీటు ఖాళీ ఉంటే ఎక్కించుకునే స్టాండ్‌బై పాస్ ఉంది, కానీ ఆయన వంతు ఉద్యోగుల తర్వాతే. హైదరాబాద్‌లో నానమ్మను చూడాలి, సీటు దొరుకుతుందో లేదోనని టెన్షన్ ఎందుకని ఈసారి టికెట్టే కొన్నాం.

ఒక మంచి కబురు: 65 ఏళ్లకు ఆపేయాలన్న నిబంధన ఎయిర్‌లైన్ ఉద్యోగానికే. పైలట్ సర్టిఫికెట్‌కు గడువు లేదు, మెడికల్ (ఆరోగ్య ధ్రువపత్రం) ఉంటే చిన్న విమానం నడపవచ్చు. వచ్చే శనివారం సెస్నా 172 అద్దెకు తీసుకుంటున్నారు. పక్క సీటు నాదే.