పేరు నిలబెట్టేది సరుకా, ప్రకటనా, లాయరా?

మూడోమెట్టు:

ఒక వాదన పెడుతున్నాను, మొహమాటం లేకుండా ఉతికేయండి. సబ్బులు, షాంపూలు, శీతలపానీయాలు అమ్మే పెద్ద కంపెనీలు బ్రాండ్ విలువను కాపాడుకోవడం అనగానే ప్రకటనలు, లోగోలు, నకిలీల మీద కేసులు అంటూ మొదలుపెడతాయి. శత్రువు బయటే ఉన్నాడన్నట్టు. నాకు మాత్రం అసలు శత్రువు లోపలే కనిపిస్తాడు. ఏటా కొంచెం కొంచెంగా సరుకులో ఖర్చు తగ్గించి, దానికి శభాష్ అనిపించుకునే మనిషి.

తెలిసిన పేరున్న సబ్బును మనం ఎలా కొంటాం? వాసన చూడం, నురగ వస్తుందా అని అడగం. నడుస్తూ చెయ్యి చాచి బుట్టలో వేసుకుంటాం. అలా అడగకుండా కొనగలిగినందుకే నాలుగు డబ్బులు ఎక్కువ ఇస్తాం. ఆ నమ్మకాన్ని ఏటా కాస్త గిల్లుకుంటే కంపెనీకి డబ్బు మిగులుతుంది, చాలాకాలం ఎవరికీ తెలియదు కూడా.

అమెరికాలో ష్లిట్జ్ అనే బీరుకు జరిగింది ఇదే. ఒకప్పుడు అక్కడ అమ్మకాల్లో మొదటి స్థానం దానిదే, తర్వాత చాలా ఏళ్ళు రెండో స్థానం. 1970లలో పులియబెట్టే రోజులు తగ్గించారు, మాల్ట్ కొంత తీసేసి మొక్కజొన్న సిరప్ కలిపారు. విడిగా చూస్తే ప్రతి మార్పూ చిన్నదే. 1976లో సీసాల్లో తెల్లటి తునకలు తేలాయి. కోటి దాకా సీసాలు, డబ్బాలు వెనక్కి తెప్పించుకోవాల్సి వచ్చింది. 1982కల్లా కంపెనీ స్ట్రో అనే మరో బీరు కంపెనీ చేతిలోకి పోయింది. దీన్ని ఏ లాయరు ఆపగలిగేవాడు?

లెక్కలమాస్టారు:

ష్లిట్జ్ కథ అందరికీ నచ్చుతుందండీ, ఎందుకంటే అందులో పాపమూ ఉంది, శిక్షా ఉంది. ఏ పాపమూ చేయకుండా దెబ్బతిన్న బ్రాండ్ సంగతి చూద్దాం. జిల్లెట్ 1971లో రెండు బ్లేడ్ల రేజర్ తెచ్చింది, 1998లో మూడు, 2006లో ఐదు. సరుకు దిగజారిందని ఎవరూ అనలేరు. 2005లో ఆ కంపెనీని ప్రోక్టర్ అండ్ గాంబుల్ దాదాపు 5,700 కోట్ల డాలర్లకు కొన్నది. 2019లో జిల్లెట్ విలువను తన లెక్కల పుస్తకాల్లో 800 కోట్ల డాలర్లు తగ్గించి రాసుకుంది, అంటే ఆ మేరకు విలువ పోయిందని ఒప్పుకుంది. డాలరు మారకపు తేడాలు కొంత కారణం, సరే. మిగతాది? ఇంటికే చౌక రేజర్లు పంపే కొత్త కంపెనీలు, గడ్డం రోజూ గీసుకోవడం మానేసిన మగవాళ్ళు.

సరుకు బాగుపడుతూనే ఉంది, విలువ తగ్గుతూనే ఉంది. మీ సూత్రం ఇక్కడ పనిచెయ్యదు.

ఇంకొకటి, ఇది మీకే పనికొచ్చే మాట. అంతర్జాతీయ లెక్కల ప్రమాణం ఐఏఎస్ 38 ప్రకారం కంపెనీ తానే పెంచుకున్న బ్రాండ్‌ను బ్యాలెన్స్ షీట్‌లో, అంటే ఆస్తి అప్పుల పట్టికలో, ఆస్తిగా చూపకూడదు. ఇంకొకరి దగ్గర డబ్బిచ్చి కొంటేనే దానికి పుస్తకాల్లో చోటు. అంటే సొంత బ్రాండ్ సరుకులో పావలా మిగిలిస్తే ఆ పావలా ఈ ఏటి లాభంలో కనబడుతుంది. అరిగిపోయిన నమ్మకానికి మాత్రం ఏ పద్దూ లేదు.

చల్లగాలి:

ఐదో బ్లేడు గీసింది గడ్డాన్ని కాదు మాస్టారూ, జేబుని. అది పాపం కిందికి రాదా?

లెక్కలమాస్టారు:

రాదు, అది ధర. ధరకు హద్దు ఉంటుంది, దాటితే జనమే చెబుతారు. 1993 ఏప్రిల్ 2న ఫిలిప్ మోరిస్ తన మార్ల్‌బొరో సిగరెట్ల ధర 20 శాతం తగ్గించింది. చౌక సిగరెట్లకూ దానికీ మధ్య ఎడం మరీ పెరిగి జనం జారిపోతున్నారు. ఆ ఒక్కరోజే కంపెనీ షేరు దాదాపు నాలుగోవంతు పడింది. ఇక బ్రాండ్ల యుగం అయిపోయిందని పత్రికలు రాశాయి. కొన్నాళ్ళకు మార్కెట్లో పోయిన వాటా మళ్ళీ వచ్చేసింది. పొగాకు మీద నాకేం అభిమానం లేదు కానీ, తప్పు ధర పెట్టానని ఒప్పుకోవడం కూడా బ్రాండ్‌ను కాపాడుకోవడమే. మూడోమెట్టు గారి వాదనలో దీనికి చోటు లేదు.

వకాల్తా:

లాయర్ల మీద పడ్డారు కాబట్టి వస్తున్నాను.

బ్రిటన్‌లో ట్రేడ్‌మార్కుల నమోదు 1876లో మొదలైంది. మొదటిది బాస్ అనే బీరు కంపెనీ ఎర్ర త్రికోణం. అంతకుముందు మంచి సరుకు చేసేవాళ్ళు లేరా? ఉన్నారు. పక్కవాడు అదే గుర్తు వేసి నాసిరకం అమ్మితే కట్టడి చేయడం మాత్రం చాలా కష్టంగా ఉండేది. పేరు నాదేనన్న భరోసా లేకపోతే సరుకు మీద ఎవరైనా ఎందుకు ఖర్చుపెడతారు? మీరు లోపలి మనిషిని తిడుతున్నారు, ఆ లోపల అనేదానికి గోడ కట్టింది చట్టం.

ఇంకో చిత్రం చూడండి. పేరు మరీ మోగిపోయినా ప్రమాదమే. ఎస్కలేటర్ ఒకప్పుడు ఓటిస్ కంపెనీ సొంత పేరు. 1950లో అది అందరి మాటా అయిపోయిందని ట్రేడ్‌మార్క్ రద్దు చేశారు. థర్మోస్‌దీ 1963లో అమెరికా కోర్టులో ఇంచుమించు అదే గతి. వేడి నీళ్ళు పోసుకునే ప్రతి సీసానీ జనం థర్మోస్ అనడం మొదలుపెడితే ఆ మాట ఇంక ఒక కంపెనీది కాదు. అందుకే పెద్ద కంపెనీల లాయర్లు మా పేరును మామూలు మాటలా వాడొద్దని నిఘంటువులకూ పత్రికలకూ ఉత్తరాలు రాస్తుంటారు. బయటివాళ్ళకు నవ్వులాటగా ఉంటుంది కానీ, నిద్రపోతే పోయేది ఆస్తే.

చిన్నచిన్న వ్యాపారుల మీద కూడా నోటీసులు విసిరి భయపెట్టే పద్ధతి ఉంది. దాన్ని సమర్థించను. నేను కూడా కొన్ని రాశాను, గర్వపడను.

మూడోమెట్టు:

వకాల్తా గారూ, గోడ కావాలి, ఒప్పుకున్నాను. గోడ లోపల ఏముందన్నదే నా ప్రశ్న. 1982లో షికాగో చుట్టుపక్కల ఎవరో, జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ అమ్మే టైలెనాల్ అనే నొప్పి మాత్రల్లో సైనైడ్ కలిపారు, ఏడుగురు చనిపోయారు. తప్పు కంపెనీది కాదు, కోర్టులో వాదించుకుని కాలం గడపొచ్చు. వాళ్ళు దేశమంతటా దాదాపు 3.1 కోట్ల సీసాలు వెనక్కి తీసుకున్నారు, 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. ఎవరైనా తెరిస్తే తెలిసిపోయే సీళ్ళతో మళ్ళీ వచ్చారు. మార్కెట్లో మూడోవంతుకు పైగా ఉన్న వాటా పదోవంతు లోపలికి పడిపోయి, ఏడాది తిరిగేసరికి చాలావరకు కోలుకుంది. సరుకు మీద పెట్టిన ఖర్చే పేరు నిలబెట్టింది.

లెక్కలమాస్టారు:

మరి ట్రోపికానా? 2009 జనవరిలో వాళ్ళు నారింజ రసం డబ్బా మీద బొమ్మ మార్చారు. పండులో స్ట్రా గుచ్చిన పాత బొమ్మ తీసేసి గ్లాసు బొమ్మ పెట్టారు. రసం అదే, చుక్క కూడా మారలేదు. రెండు నెలలు కాకముందే అమ్మకాలు 20 శాతం పడ్డాయి. పాత డబ్బా తిరిగి వచ్చింది. మీరన్న "చెయ్యి చాచి తీసుకోవడం" ఉంది చూశారా, అది సరుకును చూసి కాదు, బొమ్మను చూసి. మనం నమ్మకం అని గొప్పగా పిలిచేదాంట్లో సగం కంటి అలవాటే.

ప్లాంట్‌లో_పదేళ్ళు:

ఇన్నాళ్ళూ చదివి ఊరుకునేవాణ్ణి. మాస్టారి మాటకు జవాబు చెప్పాలనిపించింది. పదేళ్ళు ఒక కంపెనీ ప్యాకింగ్ విభాగంలో చేశాను, పేరు అడగొద్దు. మా సరుకు ఒళ్ళు రుద్దుకునే లిక్విడ్ సబ్బు. సీసాకి నొక్కితే మూసుకునే మూత. మూతకీ అడుగు భాగానికీ మధ్య సన్నటి ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది, మేం హింజ్ అనేవాళ్ళం. నా ఉద్యోగంలో సగం ఆ మూతతోనే గడిచింది.

ఏటా పైనుంచి ఖర్చు తగ్గించమని ఒక అంకె వచ్చేది. సబ్బు ఫార్ములా ముట్టుకోవడానికి అందరికీ భయం, కాబట్టి మూత మీద పడేవాళ్ళం. కాస్త ప్లాస్టిక్ తగ్గించి కొత్త అచ్చు పోయించాలి. దానికి పరీక్ష ఉండేది. ఒక మనిషి ముందు మూడు సీసాలు పెడతాం, రెండు ఇప్పుడున్నవి, ఒకటి కొత్తది. తేడాగా ఉన్నది ఏదో చెప్పమంటాం. గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరు సరిగ్గానే చెబుతారు. ఆ లెక్కను గట్టిగా దాటకపోతే తేడా తెలియట్లేదని రాసి సంతకం పెడతాం. సంతకాల్లో నాదీ ఉండేది.

ఇందులో దొంగతనం ఏమీ లేదు. పరీక్ష నిజమే, జవాబులు నిజమే. మోసం ఎక్కడుందంటే, ప్రతిసారీ కొత్తదాన్ని నిన్నటిదాంతో పోల్చేవాళ్ళం. నిన్నటిది మొన్నటిదాంతో పోల్చి పాసైనది. మొట్టమొదటిది బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు.

నాలుగో మార్పు తర్వాత ఒకరోజు నా డ్రాయర్లో అడుగున పాత సీసా ఒకటి దొరికింది. సరదాకి మీటింగ్‌లో రెండూ పక్కపక్కన పెట్టి మూసి చూపించాను. పాతది "టక్" అని బిగుసుకుంది. కొత్తది "పుచ్" అంది, అంతే. కళ్ళు మూసుకున్నా తెలిసిపోయేంత తేడా. ఎవరూ మాట్లాడలేదు. మా పెద్దాయన మాత్రం కాసేపాగి, "పోల్చి చూడటానికి పాతది ఎవరి దగ్గరుందయ్యా?" అన్నాడు.

కొనేవాళ్ళు పోల్చరు, నిజమే. ప్రయాణంలో సంచిలో బట్టలు తడుస్తాయి. ఫిర్యాదు కూడా రాయరు. తర్వాతిసారి చెయ్యి పక్క సీసా మీదికి పోతుంది.

లెక్కలమాస్టారు:

చాలా బాగా రాశారు. అయినా అడుగుతాను, మూత వల్లే అమ్మకాలు తగ్గాయని ఎలా చెప్పగలరు?

ప్లాంట్‌లో_పదేళ్ళు:

చెప్పలేను. అదే ఏడాది ప్రకటనల ఖర్చు సగం చేశారు, పోటీ కంపెనీ ఒకటి కొంటే ఒకటి ఉచితం అంది. ఎవరి వాటా ఎంతో నాకే కాదు, మా ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. అందుకే నేరం ప్రకటనలవాళ్ళ మీదికి పోయింది, మేం బతికిపోయాం.

మూడోమెట్టు:

మాస్టారూ, నా మొదటి మాట కొంచెం వెనక్కి తీసుకుంటాను. జిల్లెట్, ట్రోపికానా నా లెక్కకు లొంగవు. బయట కాలం మారినా, బొమ్మ మారినా దెబ్బ తగులుతుంది. అయినా నా అనుమానం పోలేదు. 2019 ఫిబ్రవరిలో క్రాఫ్ట్ హైంజ్ అనే అమెరికా తిండి సరుకుల కంపెనీ పుస్తకాల్లో ఒక్క దెబ్బకు 1,540 కోట్ల డాలర్ల విలువ తగ్గించి రాసుకుంది, అందులో క్రాఫ్ట్, ఆస్కార్ మేయర్ పేర్ల విలువ కూడా ఉంది. అంతకుముందు కొన్నేళ్ళు దాని యాజమాన్యాన్ని మెచ్చుకున్నది దేనికి? ఖర్చులు తెగ్గోయడానికే.

లెక్కలమాస్టారు:

అక్కడ కూడా జనం అలవాట్లు మారడం ఒక కారణం. కానీ ఈసారి మీతో పూర్తిగా పోట్లాడను. ఆ తగ్గింపు మనకు కనబడిందే అవి కొని తెచ్చుకున్న పేర్లు కాబట్టి. సొంతంగా పెంచుకున్నవైతే పుస్తకాల్లో గీత కూడా పడేది కాదు.

చల్లగాలి:

అన్నట్టు ప్లాంట్ గారూ, ఆ పాత సీసా ఇప్పుడెక్కడుంది?

ప్లాంట్‌లో_పదేళ్ళు:

మానేసిన రోజు డ్రాయర్ ఖాళీ చేసి ఇమ్మన్నారు. సీసా చెత్తబుట్టలో వేసి మూత ఒక్కటీ జేబులో వేసుకొచ్చాను. ఇప్పుడు మా ఇంట్లో పోటీ కంపెనీ సీసా మీద ఉంది. మెడ కొలత ఒకటే, సరిగ్గా పట్టింది.