పాత బుల్లెట్ 350: వేడెక్కాక ఐడ్లింగ్ నిలవట్లేదు, కిక్ వెనక్కి తంతోంది

బెజవాడ_350:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1989 బుల్లెట్ 350. క్యాస్ట్ ఐరన్ ఇంజన్, పాయింట్ల ఇగ్నిషన్ (రెండు లోహపు కొనలు తెరుచుకోగానే స్పార్క్ పడే పాత పద్ధతి), మిక్‌కార్బ్ కార్బురేటర్. కుడికాలు గేరు, ఎడమకాలు బ్రేకు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఎలాగోలా స్టార్ట్ అవుతుంది. బెంజి సర్కిల్ దాకా వెళ్లి సిగ్నల్లో ఆగానో, ఐడ్లింగ్ (థ్రాటిల్ వదిలినా ఇంజన్ తిరిగే వేగం) ఒకసారి పైకి లేస్తుంది, ఒకసారి పడిపోతుంది, ఆఖరికి ఆగిపోతుంది. మళ్లీ కిక్ కొడితే పాదం మీద వెనక్కి తంతోంది. థ్రాటిల్ వదిలితే సైలెన్సర్లో టపటపలు. ఇక్కడి మెకానిక్ ఒకాయన చెవితో వింటూ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) తిప్పారు, ఐడిల్ స్క్రూ బిగించారు. ఇప్పుడు బండి ఆగదు కానీ ట్రాక్టర్లా అరుస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

హైవే_రాజా:
పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టేయ్ బ్రో. టెన్షన్ ఉండదు.

గోదావరి_మెకానిక్:
కిట్ పెట్టుకోవచ్చు, తప్పేం లేదు. కానీ డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లు ఉండే భాగం) షాఫ్ట్ బుష్ అరిగిపోయి ఉంటే, పాత అడ్వాన్స్ యూనిట్ (ఇంజన్ వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ని ముందుకు జరిపేది) మీదే కూర్చునే కిట్ పెట్టినా ఇదే గోల.

తమ్ముడూ, ముందు ఆ ఐడిల్ స్క్రూని వదిలెయ్. అది ఆఖరి పని. కిక్ వెనక్కి తన్నుతోందంటే పిస్టన్ పైకి రాకముందే, బాగా ముందుగా స్పార్క్ పడుతోందన్నమాట. దానికి రెండు కారణాలుంటాయి: టైమింగే ముందుకు జరిగిపోయి ఉండాలి, లేదా అడ్వాన్స్ యూనిట్లోని వెయిట్లు వెనక్కి రాకుండా బయటే ఇరుక్కుని ఉండాలి. ఐడ్లింగ్ లేస్తూ పడుతూ ఉందంటున్నావు కాబట్టి నా అనుమానం రెండోదాని మీదే.

డిస్ట్రిబ్యూటర్ మూత తియ్. మధ్యలో ఉన్న క్యామ్‌ని (పాయింట్లని తెరిచే ముక్క) వేళ్లతో పట్టుకుని తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చినా, సగంలో ఆగినా పాయింట్ల ప్లేటు కింద గ్రీజు ఎండి జిగురైపోయి ఉంటుంది, లేదా స్ప్రింగులు సాగిపోయి ఉంటాయి. తర్వాత అదే షాఫ్ట్‌ని అడ్డంగా ఊపి చూడు. పాయింట్ గ్యాప్ కంటికి తెలిసేంత మారితే బుష్ పోయినట్టే. అప్పుడు ఎంత జాగ్రత్తగా టైమింగ్ పెట్టినా ఒక్కో స్పార్క్ ఒక్కో చోట పడుతుంది.

ఇవి రెండూ బాగుంటేనే కొలతలకి రా. ఇంజన్ పూర్తిగా చల్లారాక, కంప్రెషన్ టీడీసీలో (రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పూర్తిగా పైన ఉండే చోటు) పెట్టి టాపెట్లు (వాల్వుల సందు సర్దేవి) చూడు. పుష్‌రాడ్లు (వాల్వుల్ని తెరిచే కడ్డీలు) వేళ్లతో సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. పాయింట్లు బాగా తెరుచుకున్న చోట గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. పెట్టు. టైమింగ్ ఆ తర్వాతే, ఎందుకంటే గ్యాప్ పెంచితే టైమింగ్ ముందుకు జరుగుతుంది, తగ్గిస్తే వెనక్కి పోతుంది. టైమింగ్ పెట్టేసి గ్యాప్ సరిచేసేవాళ్లని చాలామందిని చూశాను. రెండో పని మొదటిదాన్ని చెడగొడుతుంది, కస్టమర్ మళ్లీ వస్తాడు, మళ్లీ డబ్బులిస్తాడు!

టైమింగ్ కొలత టీడీసీకి ముందు 0.8 మి.మీ., అంటే క్రాంక్ మీద సుమారు 9-10 డిగ్రీలు. ఈ ఇంజన్‌కి ప్లగ్ హోల్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి సైకిల్ పుల్ల దించి కొలిస్తే కొంచెం తేడా వస్తుంది. డిగ్రీ డిస్క్ (డిగ్రీల గుర్తులున్న పళ్లెం) దొరికితే అదే నయం. ప్లగ్ తీసి, సెంటర్ స్టాండ్ వేసి, టాప్ గేర్లో వెనక చక్రాన్ని బండి వెళ్లే దిక్కుకే తిప్పు. కొలత దాటిపోతే బాగా వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రా, లేకపోతే టైమింగ్ పళ్ల చక్రాల మధ్య ఉన్న లూజు కొలతలో కలిసిపోతుంది. పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఉండు. సరిగ్గా 0.8 దగ్గర కాగితం వదులవ్వాలి. కాకపోతే డిస్ట్రిబ్యూటర్ నట్లు వదులుచేసి బాడీని కొద్దికొద్దిగా తిప్పు. హెడ్‌లైట్ దగ్గరి అమ్మీటర్ పనిచేస్తుంటే కాగితం కూడా అక్కర్లేదు: తాళం ఆన్ చేస్తే పాయింట్లు మూసుకున్నంతసేపూ ముల్లు మైనస్ వైపు వాలుతుంది, తెరుచుకోగానే మధ్యకి వస్తుంది. తాళం ఎక్కువసేపు ఆన్‌లో ఉంచకు, కాయిల్ కాలిపోతుంది.

క్యామ్ మీద చిటికెడు గ్రీజు రాయడం మర్చిపోకు. అది ఎండిపోతే పాయింట్ హీల్ (క్యామ్‌ని తాకే భాగం) అరిగి గ్యాప్ తగ్గిపోతుంది.

అనకాపల్లి_స్పానర్:
గోదావరి అన్న ఇగ్నిషన్ సంగతి చెప్పారు కాబట్టి నేను కార్బురేటర్ గురించి రెండు ముక్కలు. మిక్‌కార్బ్ ఫ్లాంజ్ (ఇంజన్‌కి బిగించే అంచు) రెండు నట్లతో బిగుస్తుంది. గట్టిగా బిగించేస్తే ఫ్లాంజ్ వంగి మధ్యలోంచి గాలి పీలుస్తుంది. విప్పి అద్దం ముక్క మీద పెట్టి చూడండి. ఊగితే అదే అద్దం మీద సన్నటి ఎమెరీ కాగితం వేసి చదును చేసి, ఓ-రింగ్ కొత్తది వేయండి. ఇప్పుడొచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌కి పాత రబ్బర్లు ఉబ్బుతాయి, పైగా పెట్రోల్-గాలి మిక్స్చర్ కూడా కాస్త పలచబడుతుంది. ఎయిర్ స్క్రూ (ఐడ్లింగ్‌లో గాలి పాళ్లు సర్దేది) పూర్తిగా మూసి ఒకటిన్నర చుట్టు వదిలి, వేడి ఇంజన్ మీద అక్కడి నుంచి సర్దుకోండి.

చీకట్లో పాయింట్లు కూడా ఒకసారి చూడండి. పెద్ద పెద్ద నిప్పురవ్వలు కనిపిస్తే కండెన్సర్ (ఆ రవ్వల్ని అణిచే భాగం) పోయినట్టు.

బెజవాడ_350:
అన్నా, మీ అనుమానం నిజమే! ఒక వెయిట్ గ్రీజులో ఇరుక్కుపోయింది, ఒక స్ప్రింగ్ సాగింది. షాఫ్ట్ గట్టిగానే ఉంది. శుభ్రం చేసి స్ప్రింగులు రెండూ మార్చి, మీరు చెప్పిన వరసలోనే పెట్టాను. కిక్ తన్నడం ఆగింది. ఫ్లాంజ్ కూడా వంగే ఉంది, చదును చేశాను. ఐడిల్ స్క్రూ వెనక్కి తిప్పినా సిగ్నల్లో నిలబడుతోంది. మూడో గేర్లో థ్రాటిల్ వదిలితే మాత్రం ఇంకా ఒకటీ అరా టప్పుమంటోంది.

గోదావరి_మెకానిక్:
హెడ్‌లోకి సైలెన్సర్ పైపు దూరే చోట నల్లగా మసి ఉందేమో చూడు. అక్కడ లూజుంటే గాలి లోపలికి వచ్చి అలాగే పేలుతుంది. అది బిగుతుగా ఉంటే ఎయిర్ స్క్రూ పావు చుట్టు లోపలికి తిప్పి నడిపి చూడు.