అరవై దాటాక శిల్పం నేర్చుకోవాలంటే ముందు ఏడాది పాటు పెన్సిల్ పట్టాల్సిందేనా?

గోదారిపిల్ల:
మా అమ్మ గురించి అడుగుతున్నానండీ, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. కాకినాడలో ఉంటుంది, 63 ఏళ్ళు, లెక్కల టీచరుగా రిటైరైంది. మట్టితో మనిషి తల చెయ్యాలని తనకి ఎప్పట్నుంచో కోరిక. దేవుడి బొమ్మలు కాదు, మనుషులు, ముఖ్యంగా మా అమ్మమ్మ ముఖం. ఊళ్ళో శిల్పం నేర్పే ఒకాయన దగ్గర చేర్పించాను. ఆయన మట్టి ముట్టుకోనివ్వట్లేదు. ముందు ఏడాది పాటు పెన్సిల్ డ్రాయింగే అంటున్నారు. గోళాలు, ఘనాలు, షేడింగ్, ఆ తర్వాత కుండలు, పళ్ళు. అమ్మ బుద్ధిగానే వేస్తోంది కానీ ఈమధ్య "ఇరవై ఏళ్ళ పిల్లకి ఏడాదంటే ఏముంది, నా లెక్క వేరు కదే" అంది. ఆ మాట మనసులో గుచ్చుకుని ఉండిపోయింది. ఆయన పద్ధతి సరైనదేనా? ఈ వయసులో మొదలుపెట్టేవాళ్ళకీ అదే దారా, లేక నేరుగా మట్టిలో చెయ్యి పెట్టెయ్యొచ్చా?

గీతమాస్టారు:
సరైనదే తల్లీ. నేను ఉద్యోగమంతా హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నాను. శిల్పం చేతిపని అనుకుంటారు గానీ ముందు అది కంటిపని. కొత్తగా తల చేసేవాళ్ళని చూడండి, దాదాపు అందరూ కళ్ళని పైకి, నుదుటి దగ్గరికి తోసేస్తారు. నడినెత్తి నుంచి గడ్డం కొస దాకా కొలిస్తే కళ్ళు ఇంచుమించు సగంలో ఉంటాయి. చెవి పైఅంచు కనుబొమ్మ ఎత్తులోనూ, తమ్మె ముక్కు కింది ఎత్తులోనూ పడుతుంది. ఇది నోటితో చెప్తే అందరూ తల ఊపుతారు, పనిలోకి దిగాక మళ్ళీ నుదుటి దగ్గరే పెడతారు. కొలిచి గీసి, చెరిపి, మళ్ళీ గీస్తే తప్ప కంటికి ఎక్కదు.

పెద్ద వయసులో మొదలుపెట్టి పేరు తెచ్చుకున్నారని అందరూ చెప్పే ఉదాహరణలు కూడా ఒకసారి సరిగ్గా చూడండి. రవీంద్రనాథ్ ఠాగూర్ అరవై దాటాకే బొమ్మల్లోకి గట్టిగా దిగారు, 1930లో పారిస్‌లో మొదటి ప్రదర్శన పెట్టారు, పోయేలోపు రెండు వేలకు పైగా వేశారు. కానీ అవి ఎక్కడ పుట్టాయి? రాతప్రతుల్లో కొట్టేసిన మాటల్ని కలుపుతూ గీసిన గీతల్లో. అప్పటికే దశాబ్దాలుగా కలం నడిపిన చెయ్యి అది. అమెరికాలో గ్రాండ్మా మోజెస్ అని 1860లో పుట్టిన రైతు ఇల్లాలు, డెబ్బై ఎనిమిదో ఏట రంగుల్లోకి వచ్చారు. అంతకుముందు ఊలు దారాలతో బొమ్మలు కుట్టేవారు, కీళ్ళనొప్పులతో సూది పట్టడం కష్టమై బ్రష్ పట్టారు. వీళ్ళెవరూ ఏ అభ్యాసమూ లేకుండా ఒక్కసారిగా ఊడిపడలేదు.

మట్టిచేతులు:
మాస్టారూ, మీ ఉదాహరణలే మీ వాదనకి అడ్డం తిరుగుతున్నాయండీ. మోజెస్ గారు సిలిండర్లకి షేడింగ్ వేసి రాలేదు కదా, గుడ్డ మీద దారంతో పనిచేస్తూ వచ్చారు. అంటే ఏదో ఒక పదార్థంతో చేతులారా చేసిన పనే ఆవిడకి చదువైంది. మన కొండపల్లిలో మాత్రం ఏం జరుగుతోంది? పొణికి కర్రని ఆరబెట్టి, చేతులూ తలా విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, తరాలుగా ఆ పనిని ఉలి పట్టుకునే నేర్చుకుంటున్నారు.

నేను ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాక మట్టిలోకి వచ్చినవాణ్ణి. కాగితం మీద తలకి ఒకటే పక్క ఉంటుంది. మట్టిలో ముందునుంచి బ్రహ్మాండంగా ఉన్న ముఖం పక్కకి తిప్పితే చపాతీలా పలచగా ఉంటుంది, అది పెన్సిల్ చెప్పదు, తిరిగే బల్ల చెప్తుంది. దవడ ఎముక చెవి కింద ఎక్కడ మలుపు తిరుగుతుందో నాకు తెలిసింది నా ముఖం నేను తడుముకుని, అదే వేలు మట్టి మీద పెట్టినప్పుడు. శాంతినికేతన్ చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ గారికి యాభై దాటాక చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత కూడా చిన్న శిల్పాలు చేశారు, కాగితాలు కత్తిరించి బొమ్మలు చేశారు, 1972లో అక్కడి కళల బడి కళాభవన్ గోడకి టైల్స్‌తో పెద్ద మ్యూరల్ పెట్టారు. అంతా కంటిపనే అయితే ఇదెలా సాధ్యం?

మధ్యప్రదేశ్ ఉమరియా జిల్లాలో జోధయ్యా బాయి గారు బైగా ఆదివాసీ మహిళ, భర్త పోయాక, కూలీనాలీ చేసుకుంటూ బతికిన మనిషి, డెబ్బైకి దగ్గరపడ్డాక రంగులు పట్టారు. 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆవిణ్ణి ముందు ఏడాది ఘనాలు గియ్యమని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

గీతమాస్టారు:
బాబూ, వినోద్ బిహారీ గారు చూపు పోకముందు అంతకాలం రోజూ గీసినవారు, 1940లలో హిందీ భవన్ గోడల మీద సాధుసంతుల మ్యూరల్ వేసినవారు. కళ్ళు పోయినా ఆ గీత చేతిలో ఉండిపోయింది. నేను చెప్పేదీ అదే. జోధయ్యా బాయి గారి సంగతి వేరు, ఆవిడ తన అడవిని, తన పులుల్ని, తన ఇప్పచెట్టుని తన తీరులో వేశారు, ఫలానా మనిషి పోలిక పట్టాల్సిన పని లేదు. ఈ అమ్మాయి వాళ్ళమ్మగారికి కావాల్సింది పోలిక. ఒక తల్లి ముఖం. అందులో నూలుపోగంత తేడా వచ్చినా అది ఇంకెవరో అయిపోతుంది. అందుకే డ్రాయింగ్ అంటున్నాను.

పద్మ_డాలస్:
ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో నేను వెళ్ళే క్లాసులో ఈ రెండూ ఒకేరోజు జరుగుతాయి. మోడల్‌ని మధ్యలో కూర్చోబెట్టి మా చేత చుట్టూ తిరుగుతూ గబగబా స్కెచ్‌లు వేయిస్తారు, వాటిలో ఒక్కటీ దాచుకోనక్కర్లేదు, తర్వాత వెంటనే మట్టి. షేడింగ్ జోలికే పోరు, ఎక్కడ వంపు ఉంది, ఎక్కడ లోతు ఉంది అన్నదే. కాబట్టి ముందు ఏది అని కొట్టుకోవడం నాకు అర్థం కావట్లేదు.

ఇంకో సంగతి, ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నా. ముందు కళ్ళు చూపించుకోమనండి. శుక్లం వస్తుంటే రంగులు పసుపూ గోధుమా వైపు వెళ్ళిపోతాయి, అది నెమ్మదిగా వస్తుంది కాబట్టి మనకి తెలీదు. మోనే అంతటి చిత్రకారుడికే 1923లో ఆపరేషన్ అయ్యేదాకా రంగులతో పెద్ద యుద్ధమే జరిగింది. మట్టికి అంత ఇబ్బంది లేదు గానీ అమ్మగారు రేపు రంగుల్లోకి వెళ్ళాలనుకుంటే ఇది ముఖ్యం.

శారద_హన్మకొండ:
నేను అరవై దాటినంక వాటర్ కలర్ మొదలుపెట్టిన మనిషిని, అందుకని ఇది బయటినుంచి చెప్తున్న మాట కాదు. పెన్సిలా మట్టా అన్నది అసలు ప్రశ్నే కాదని నా అభిప్రాయం. అసలు ప్రశ్న ఏంటంటే, ఆ సార్ మీ అమ్మగారి బొమ్మని దిద్దుతున్నారా లేదా?

మన దగ్గర పెద్దవాళ్ళకి ఎవరూ తప్పు చెప్పరు. నేనేం వేసినా ఇంట్లో "సూపర్ అమ్మమ్మా" అంటరు, వాట్సాప్‌లో పెడితే దండాల బొమ్మలు వస్తయి. క్లాసులో కూడా అంతే. ఒకసారి ఎండలో ఉన్న వేపచెట్టు వేస్తున్నా, పక్కన కూర్చున్న డిగ్రీ పిల్ల చూసి "ఆంటీ, ఆ నీడ మసి పూసినట్టుంది" అన్నది. సార్ ఆ పిల్లని మందలించారు, పెద్దవాళ్ళతో అట్లా మాట్లాడతరా అని. నాకు కావాల్సిన మాట ఆ పిల్ల చెప్పింది, ఫీజు తీసుకున్న మనిషి చెప్పలేదు. ఎండ పూట నీడలో ఆకాశం నీలం కూడా ఉంటది, ఉత్త నలుపు వేస్తే కాగితానికి బొక్క పడ్డట్టు కనిపిస్తది, అల్ట్రామెరైన్ నీలంలో కొంచెం బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమరంగు కలిపితే నీడలో గాలి ఆడినట్టుంటది. ఆ రెండు రంగులు కలపడం తర్వాత ఆ పిల్ల దగ్గరే నేర్చుకున్న.

గౌరవం అనుకుని చేస్తరు గానీ, అందులో మనం ఎట్లాగూ ఎక్కడికీ పోము అన్న అంచనా దాగి ఉంటది. కాలక్షేపానికి వచ్చింది పాపం, సంతోషంగా ఇంటికి పంపిద్దాం అని. ఇరవై ఏళ్ళ పిల్లని అయితే చింపి మళ్ళీ వెయ్యమంటరు, ఎందుకంటే ఆ పిల్ల ముందుకు పోతదని నమ్మకం. ఆ నమ్మకం మా మీద ఎందుకు పెట్టరు? డబ్బులు కట్టించుకుని గ్రూప్ ప్రదర్శనలు పెట్టేవాళ్ళు కూడా దీని మీదనే బతుకుతరు, అడిగిన ప్రతి రిటైర్డ్ మనిషికీ ఒక గోడ, ఒక శాలువా, ఒక సర్టిఫికెట్. బొమ్మ ఎట్లున్నదని ఒక్కరూ చెప్పరు.

మీ అమ్మగారు లెక్కల టీచరు కదా. తప్పు లెక్క మీద ఎర్రసిరా పెట్టకుండా పిల్లల్ని పంపించి ఉండరు. ఆవిడకి కూడా ఆ ఎర్రసిరానే కావాలి. ఆయన గోళం వెయ్యమని చెప్పి పేపరు చదువుకుంటున్నారా, లేక పక్కన కూర్చుని వెలుగు ఎటునుంచి వస్తుందో అడుగుతున్నారా? దిద్దుతుంటే ఏడాది వృథా కాదు. దిద్దకపోతే మట్టి ఇచ్చినా అంతే, రాయి ఇచ్చినా అంతే.

పద్మ_డాలస్:
శారద గారూ, మీ మాటకి నా సాక్ష్యం. మా క్లాసులో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు చేసిన తల మీద ముక్కుని టీచరమ్మ తీగతో కోసేసి, పక్కనుంచి చూసి మళ్ళీ పెట్టండి అంది. నాకు గుండె ఆగినంత పనైంది. ఆయన మాత్రం కుర్చీ జరుపుకుని పక్కకి వెళ్ళి కూర్చున్నారు. ఆ తర్వాత పెట్టిన ముక్కు నిజంగా ముఖంలోంచి వచ్చినట్టుంది.

గీతమాస్టారు:
శారదమ్మా, దిద్దే విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పెద్దవాళ్ళ కాగితం మీద గీత పెట్టడానికి వెనకాడే మాస్టార్లు నాకూ తెలుసు. ఏడాది అన్న గడువు కూడా నాకు ముఖ్యం కాదు, ఒక్కొక్కరికి ఒక్కోలా పడుతుంది. కానీ పెన్సిలైనా మట్టైనా ఒకటే అంటే ఒప్పుకోలేను. మట్టిలో తప్పు చేస్తే దాన్ని తప్పని పోల్చుకోవడానికే కన్ను తయారవ్వాలి, లేకపోతే ఎన్ని తలలు చేసినా ఆ కళ్ళు నుదుటి మీదే ఉంటాయి.

గోదారిపిల్లా, కాకినాడ నుంచి రాజమండ్రి ఎంత దూరం. దామెర్ల రామారావు గారి గ్యాలరీకి అమ్మగారిని తీసుకెళ్ళండి. 1925లో, 28 ఏళ్ళు కూడా నిండకుండానే పోయిన మనిషి. ఆయన గీసిన మనుషుల్లో భుజం దగ్గర గీత ఎక్కడ లావెక్కి ఎక్కడ సన్నబడుతుందో నిలబడి చూడమనండి. తొందరపడకుండా చూస్తే అది కూడా పాఠమే.

గోదారిపిల్ల:
అందరికీ చాలా థాంక్సండీ. ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. శారద గారి మాట వినగానే "ఆయన నన్ను మేడమ్ అని పిలుస్తారు, ఒక్కనాడూ దిద్దలేదు" అంది. రేపు వెళ్ళి తనే అడుగుతుందట, దిద్దండి లేదా మానేస్తాను అని. రాజమండ్రికి కూడా వెళ్దామంది.

అసలు విషయం ఇప్పుడు చెప్తున్నాను, నాకూ నిన్ననే తెలిసింది. కుమ్మరి దగ్గర బంకమట్టి తెప్పించుకుని ఇంట్లో అమ్మమ్మ తల మొదలుపెట్టేసింది. రెండు ఇబ్బందులు వచ్చాయి. అమ్మమ్మ ఫొటో ఒక్కటే ఉంది, అదీ ఎదురుగా చూస్తున్నది, పక్కనుంచి ఎలా ఉండేదో అమ్మకి సరిగ్గా గుర్తు రావట్లేదు. రెండోది, మెడ దగ్గర పగులు వచ్చింది.

మట్టిచేతులు:
మొదటిదానికి నా సలహా, మీ పిన్నులో మామయ్యలో ఉంటే వాళ్ళని పక్కకి తిప్పి కూర్చోబెట్టండి. ముక్కు వంతెన, పైపెదవి, గడ్డం పక్కచూపులో ఎవరో ఒకరికి అమ్మమ్మ పోలిక వచ్చి ఉంటుంది. మీ అమ్మగారు కూడా రెండు అద్దాలు పెట్టుకుని తన పక్కముఖం తను చూసుకోవచ్చు. చూసింది చూసినట్టు మట్టిలో పెట్టేయమనండి, నచ్చకపోతే తీసేస్తారు. మాస్టారు గారు గీసుకోమంటారని తెలుసు, గీసుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

గీతమాస్టారు:
గీసుకోమనే అంటాను. ఆ తోబుట్టువుల పక్కముఖాలన్నీ ఒకే కొలతలో, ఒకే కాగితం మీద, ఒకదాని కింద ఒకటి వెయ్యమనండి. కుటుంబంలో ఏది మారకుండా వస్తోందో అక్కడ తెలిసిపోతుంది. ఇక్కడ పెన్సిల్ పని మట్టి చెయ్యలేదు.

మట్టిచేతులు:
అది మంచి ఉపాయమే మాస్టారూ, కాదనను.

పగులు సంగతి. మెడ సన్నం, తల లావు కాబట్టి మెడ ముందు ఆరిపోతుంది, ఆరేటప్పుడు మట్టి కుంచించుకుపోతుంది, తల ఇంకా పచ్చిగా ఉండడంతో ఆ మధ్యలో చిట్లుతుంది. తల లోపల గట్టిగా ముద్దలా ఉంచేసి ఉంటారు. పైమట్టి తోలులా బిగిసి, లోపల ఇంకా చెమ్మ ఉన్నప్పుడు తీగతో మాడు భాగం టోపీలా కోసి పక్కన పెట్టి, చెంచాతో లోపలంతా తొలిచెయ్యాలి, గోడ బొటనవేలు మందం మిగిలితే చాలు. రెండు అంచులూ గీరి, నీళ్ళలో కలిపిన అదే మట్టి పూసి టోపీ మళ్ళీ అతకండి, ఎక్కడో కనపడని చోట చిన్న రంధ్రం వదలండి, లోపలి గాలికీ ఆవిరికీ దారి ఉండాలి. పగులు ఇప్పుడే వచ్చింది కాబట్టి దాన్ని ఇంకా వెడల్పు చేసి, తడిపి, కొత్త మట్టి కూరి నొక్కండి, పైన ఊరికే పూస్తే మళ్ళీ వస్తుంది. మెడకి తడిగుడ్డ, దానిపైన పాలిథిన్ కవరు, తల మాత్రం కొంచెం తెరిచి ఉంచండి, రెండూ కలిసి ఆరాలి, ఫ్యాను కింద పెట్టొద్దు. తర్వాతిసారి ముద్దలో కాల్చిన కుండపెంకుల పొడి కొంత కలిపి పిసికితే ఇంతలా చిట్లదు. ఎండిన మట్టిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవమనండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. పూర్తిగా ఆరాక మట్టి తెచ్చుకున్న కుమ్మరినే అడగండి, ఆవంలో కుండలతో పాటు ఓ మూల పెడతారు.