హార్న్ బాక్సులో 155 హెర్ట్జ్ దగ్గర సౌండ్ పడిపోతోంది, ఏం చేయాలి?

బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న 8 అంగుళాల ఫుల్‌రేంజ్ స్పీకర్లకి 18 ఎంఎం ప్లైవుడ్‌తో బ్యాక్‌లోడెడ్ హార్న్ బాక్సులు (స్పీకర్ వెనక సౌండ్ పొడవాటి దారిలో తిరిగి హార్న్ మూతి నుంచి బయటికొచ్చే రకం) చేశాను. లోపల మడతలు తిరిగే దారి 2.2 మీటర్లు, స్పీకర్ వెనక గది 6 లీటర్లు. బాస్ 45 హెర్ట్జ్ దాకా బాగానే వస్తోంది. కానీ 145 నుంచి 165 మధ్య సౌండ్ ఒక్కసారిగా పడిపోతోంది, మగ గొంతులు మరీ పీలగా వినిపిస్తున్నాయి.

మొదట ఇంట్లో గదిదే తప్పనుకున్నాను. గోడకి దూరం జరిపి, చివరికి బాల్కనీలో పెట్టి కొలిచినా అదే గుంట. అతుకులన్నీ సిలికాన్‌తో మూశాను, వైర్ల ప్లస్ మైనస్ సరిచూశాను. ఆఖరికి హార్న్ మూతిలో రెండు తలగడలు కుక్కితే గుంట మాయం! దాంతోపాటే బాస్ కూడా. (తలగడలు ఏమయ్యాయో ఇంట్లో ఇంకా చెప్పలేదు.)

సౌండ్ వేగం సెకనుకి 344 మీటర్లు, దాన్ని దారి పొడవు 2.2తో భాగిస్తే 156. అంటే ముందు సౌండ్‌కి తలకిందులుగా పుట్టే వెనక సౌండ్ ఒక పూర్తి తరంగం ఆలస్యంగా, అలా తలకిందులుగానే బయటికొచ్చి ముందు సౌండ్‌ని కొట్టేస్తోందని నా లెక్క. మొదటి మలుపులో గుప్పెడు పాలిస్టర్ దూది పెడితే కొంచెమే తేడా, ఎక్కువ పెడితే బాస్ చచ్చిపోతోంది.

ఇక బాక్సు కోయడమే మిగిలింది. కోసేముందు అడుగుతున్నాను: హార్న్ మొదలయ్యే సందు అలాగే ఉంచి, వెనక గదిని 6 నుంచి 10 లీటర్లకి పెంచితే ఈ గుంట తగ్గుతుందా?