ఈ వారం సమస్య (దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి): “నీరు తీసివేయ నిండె గిన్నె”

చిగురుకొమ్మ (నిర్వహణ): ఆదివారం డాలస్‌లో మా ఇంట్లో చిప్ ముంచి ఎత్తితే సాల్సా (మెక్సికన్ టొమాటో పచ్చడి) మణికట్టు దాకా కారింది. టొమాటోలు బ్లెండర్లో ఆపకుండా తిప్పేశానని పక్కింటి మెక్సికన్ పెద్దావిడ చూడగానే కనిపెట్టారు. అలా తిప్పితే నురగ కట్టి పలచనైపోతుందట. వాళ్ళింట్లో ఇప్పటికీ రాతి మోల్కాహేతేలోనే నూరతారు, మన రోలు లాంటిదే. ఆవిడ పండ్లలో నీళ్ళు వంచుతుంటే ఈ పాదం తట్టింది. పూరణ సాల్సా మీదే ఉండాలి.

గోదారిగట్టు:
కోసి పండ్లపైన గొంచెముప్పును చల్లి
జల్లెడందు బోసి జారవిడిచి
క్రింద నుంచినాను గిన్నె నొక్కటి నేను
నీరు తీసివేయ నిండె గిన్నె

పలనాటిమిరప: నీళ్ళు పోతే గిన్నె ఎలా నిండుతుందా అని పొద్దుటి నుంచీ తల పట్టుకున్నాను. మీరు జల్లెడ కింద ఇంకో గిన్నె పెట్టేశారు! చాలా బాగుంది. ‘నేను’ మాత్రం గణం (పాదంలో గురులఘువుల లెక్క) కోసం వచ్చింది. ‘గిన్నె నొక్కటి తెచ్చి’ అంటే?

గోదారిగట్టు: మార్చుకున్నానండీ. నేను వాడింది రోమా రకం టొమాటోలు. గింజల చుట్టూ ఉండే జిగురులోనే నీళ్ళెక్కువ. ఉప్పేసి అరగంట వదిలేస్తే కిలోకి ముప్పావు గ్లాసు దిగింది. నిమ్మరసం చివర్లోనే పిండాలి.

పలనాటిమిరప:
సాల్స చిక్కనవగ సతి చెప్పె నీరీతి
గింజ తీయుటన్న కీలకమని
ఉల్లిపాయ కోయ నుబికి వచ్చిన కన్
నీరు తీసివేయ నిండె గిన్నె

గోదారిగట్టు: కన్నీటి విరుపు అందంగా ఉంది. కానీ మూడో పాదం చివర పడకూడని స గణం పడింది చూడండి. పైగా పోయిన నెల గులాబీల సమస్యకు ‘పన్’ దగ్గర పాదం ఆపి ‘నీరు’ కిందకి దింపారు. అదే కత్తెర మళ్ళీ వాడారు.

పలనాటిమిరప: ఆ పన్నీరు పద్యాన్ని అందరికంటే ముందు మెచ్చుకుంది మీరేనండీ! అందులో గణాలన్నీ కుదిరాయి కూడా. ఇక్కడ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

కందిచేను: కన్నీరు తుడుస్తాం గానీ తీసివేస్తామా?

పలనాటిమిరప: హలపేన్యో మిరపకాయ తరిగిన చేత్తో కన్ను ముట్టుకోగలమా? రెండు చేతులూ పైకెత్తి నిలబడితే మా ఆవిడే తువ్వాలు కొసతో అద్ది తీసింది. అందుకే ఆ మాట నాకు సరిపోయింది.

చిగురుకొమ్మ: అద్ది తీయడం ఒప్పుకుంటాను. మూడో పాదం ‘ఉల్లిపాయ కోయ నుబుకుచున్నట్టి కన్’ అంటే గణం కుదురుతుంది, యతీ (పాదం మధ్యలో అక్షరాల పొత్తు) చెడదు. నా ఓటు మాత్రం జల్లెడ పూరణకే. అందులో పద్యం చదివితే చాలు, సాల్సా చిక్కగా చేసేయొచ్చు.

కందిచేను: ఇంతకీ గోదారిగట్టు గారూ, గిన్నె నిండిన ఆ నీళ్ళు పారబోశారా?

గోదారిగట్టు: అయ్యో, లేదండీ. మిరియాలు, వెల్లుల్లి దంచి వేసి చారు పెట్టాం. ఉప్పు మళ్ళీ వేయాల్సిన పనే పడలేదు.