అప్‌డేట్: ఛాతీ పట్టేస్తోంది, గ్యాసేనా అని అడిగాను కదా

రెండు నెలల కింద అడిగింది నేనే. వయసు 33, బరువు 94 కిలోలు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉంటోందని. వెంటనే ఆసుపత్రికి వెళ్లమని తిట్టినవాళ్లందరికీ థాంక్స్.

వెళ్లాను. ఈసీజీ నార్మల్. నేనైతే అక్కడితో ఇంటికొచ్చేసేవాణ్ణే. ఒక్క ఈసీజీతో తేల్చలేమని డాక్టరుగారు రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగే ప్రోటీన్) చూసి, కొన్ని గంటలాగి మళ్లీ చూశారు. పెరగలేదు. ఎకో (గుండె స్కాన్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసే గుండె పరీక్ష) కూడా బాగానే వచ్చాయి. హమ్మయ్య అనుకునేలోపు ఆయన టేపు తీసి పొట్ట కొలిచారు: 106 సెంటీమీటర్లు! మన మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటితేనే రిస్కట. నాకేమో ప్యాంటు సైజు 36 అని ధీమా. ఆ ప్యాంటు పొట్ట కింద కడుతున్నానని అప్పుడు వెలిగింది.

బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 32 దాటింది. మనకు 25 నుంచే ఊబకాయం లెక్క. పొట్ట లోపల పేరుకున్న కొవ్వు వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయదని, బీపీ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) పెరిగి రక్తనాళాల్లో పూడిక చిన్న వయసులోనే మొదలవుతుందని చెప్పారు. నా హెచ్‌బీఏవన్‌సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 6.1. అంటే షుగర్ గుమ్మం దాకా వచ్చేసింది. నాన్నకు 48 ఏళ్లకే స్టెంట్ వేశారని చెప్పగానే ఆయన పెన్ను ఆగింది. ఈ సంగతి మొదటిసారి అడిగినప్పుడు రాయలేదు, తప్పు నాదే.

ఇప్పుడు రాత్రి పదకొండింటి బిర్యానీ బంద్. రోజూ 40 నిమిషాల నడక. 4 కిలోలు తగ్గాను. "చిక్కిపోయావురా" అని అమ్మ ఇంకో ముద్ద నెయ్యన్నం కలుపుతూనే ఉంది. వచ్చే నెల మళ్లీ రక్తపరీక్షలు.