జోర్డాన్ మంచి యజమానా? లాభం వేరు, నిర్వహణ వేరు అంటాను

పాత స్కోరుబోర్డు:
మైకేల్ జోర్డాన్ తన బాస్కెట్‌బాల్ జట్టు షార్లట్ హార్నెట్స్‌లో అధిక వాటాను 2023లో అమ్మినప్పటి నుంచి ఒకే మాట వింటున్నాను: మైదానంలోనే కాదు, వ్యాపారంలోనూ ఆయనే రాజు అని. 2010లో సుమారు 27.5 కోట్ల డాలర్ల విలువ కట్టి కొన్న జట్టు, అమ్మేనాటికి 300 కోట్ల డాలర్ల విలువ పలికింది. కాదనను. కానీ ఆయన చేతిలో ఉన్నన్నాళ్లూ ఆ జట్టు ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవలేదు. 2011-12లో 66 మ్యాచ్‌లకు 7 గెలిచింది. గెలుపు శాతంలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ చరిత్రలోనే అది అట్టడుగు. అంతకుముందు వాషింగ్టన్ జట్టు వ్యవహారాలు చూసినప్పుడు, 2001లో కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతు అందరికన్నా ముందు ఆయనకే వస్తే, హైస్కూలు నుంచి నేరుగా వచ్చిన క్వామే బ్రౌన్‌ను తీసుకున్నారు. ఆ కుర్రవాడు అనుకున్నంత ఎదగలేదు. 2003లో యజమాని జోర్డాన్‌నే సాగనంపారు.

ఆడటం ఒక విద్య, ఆడేవాళ్లను ఎంచడం ఇంకొకటి, జమాఖర్చులు చూడటం మూడోది. మొదటిది వస్తే మిగతావీ వస్తాయనుకోవడం, బాగా పాడేవాడికి వీణ చెక్కడమూ వచ్చనుకోవడమే. కాదనేవాళ్లు ఉదాహరణలతో రండి.

వికెట్ల వెనక:
వచ్చాను. ఐస్ హాకీ ఆటగాడు మారియో లెమ్యూ. పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ 1998లో దివాలా పిటిషన్ వేసినప్పుడు, ఆ జట్టుకు అప్పిచ్చినవాళ్లలో ఆయనా ఒకరు. ఆడిన రోజుల్లో వాయిదా వేసుకున్న జీతం 3 కోట్ల డాలర్లకు పైగా రావాలి. మరొకరైతే రూపాయికి పావలా చేతికొచ్చినా చాలనుకునేవారు. ఆయన ఆ బాకీలో పెద్ద భాగాన్ని వాటాగా మార్చుకుని 1999లో యజమాని అయ్యారు. అంతటితో ఆగలేదు. 2000 డిసెంబరులో మళ్లీ స్కేట్లు కట్టుకుని మంచు మీదికి దిగారు. టికెట్లు అమ్ముడుపోవడానికి అంతకు మించిన ప్రకటన ఏముంటుంది? ఆయన యాజమాన్యంలో 2009, 2016, 2017లో ఐస్ హాకీ లీగు టైటిల్ స్టాన్లీ కప్ వచ్చింది.

ఇంకొకరు లారీ బర్డ్. ఎన్‌బీఏలో అత్యుత్తమ ఆటగాడు, ఉత్తమ కోచ్, ఉత్తమ నిర్వాహకుడు, ఈ మూడు పురస్కారాలూ అందుకున్నది ఆయన ఒక్కరే. మీరు చెప్పిన మూడు విద్యల్లో రెండున్నర అయినా ఆయనకు వచ్చినట్టే కదా!

పాత స్కోరుబోర్డు:
పెంగ్విన్స్‌కు 2005లో, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతులు తేల్చే లాటరీలో సిడ్నీ క్రాస్బీ దొరికాడు. అది యజమాని తెలివా, అదృష్టమా?

వికెట్ల వెనక:
దొరకడం అదృష్టమే. పద్దెనిమిదేళ్ల ఆ కుర్రవాణ్ని కొన్నేళ్లపాటు సొంత ఇంట్లో ఉంచుకుని చూసుకోవాలని తోచడం అదృష్టం కాదు. అంత చిన్న వయసులో ఒక జట్టు ఆశలన్నీ నెత్తిన మోయడం ఎలా ఉంటుందో లెమ్యూకు తెలుసు. ఆటగాడై ఉండటం పనికొచ్చేది సరిగ్గా ఇలాంటి చోటే.

లెక్కల పుస్తకం:
మీరిద్దరూ మూడు వేర్వేరు పనుల్ని ఒకే గాటన కట్టి కొట్టుకుంటున్నారు. పేరు అమ్ముకోవడం, ఆస్తి కొనడం, సంస్థను నడపడం.

హార్నెట్స్ అమ్మకం రెండో పని. ఎన్‌బీఏలో 30 జట్లే ఉంటాయి. ఆఖరున నిలిచినా కింది లీగుకు దించరు. జాతీయ టీవీ హక్కుల సొమ్ము అన్ని జట్లకూ పంచుతారు. అలాంటి చోట కుర్చీలు లెక్కపెట్టినన్ని, కూర్చోవాలనుకునే కుబేరులు ఏటా పెరుగుతారు. జట్టు ఓడినా ధర పెరుగుతుంది. కాబట్టి ఆ 300 కోట్లు జోర్డాన్ సమర్థతకు రుజువు కాదు, అసమర్థతకూ కాదు. సరైన సమయంలో కొని, ఓపికగా పట్టుకున్నారని మాత్రమే అది చెబుతుంది.

ఆయన అసలు వ్యాపారం 1984లో నైకీతో కుదిరిన ఒప్పందం. పదిహేను సీజన్లు ఆడినందుకు జీతంగా వచ్చింది మొత్తం సుమారు 9.4 కోట్ల డాలర్లు. బూట్ల అమ్మకాల్లో వాటాగా వచ్చినదాని ముందు అది చిల్లర. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు బెక్‌హామ్ సంగతీ అంతే. 2007లో అమెరికా లీగుకు వెళ్తూ, తర్వాతెప్పుడైనా 2.5 కోట్ల డాలర్లకు కొత్త జట్టు పెట్టుకునే హక్కును ఒప్పందంలో రాయించుకున్నారు. 2023లో అదే లీగులో కొత్త జట్టుకు శాన్ డియేగో కట్టిన రుసుము 50 కోట్లు. ఆ ఒక్క షరతు విలువ ఆయన కొట్టిన ఫ్రీ కిక్కులన్నిటికన్నా ఎక్కువేమో! ఇందులో నిర్వహణ ఎక్కడుంది? తన పేరు ధర తనకు తెలియడం ఉంది, మంచి సలహాదారు ఉన్నాడు.

బంతి ఏరేవాడు:
ఇంత చర్చ ఎందుకండీ? అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లలో 78 శాతం మంది ఆట మానేసిన రెండేళ్లలో దివాలా తీస్తారట. వీళ్లు సంస్థలు నడుపుతారా?

లెక్కల పుస్తకం:
ఆ 78 శాతం 2009లో ఒక పత్రికలో వచ్చిన అంకె. అందులోనూ ఉన్నది "దివాలా లేదా ఆర్థిక ఇబ్బంది" అని. రెండో సగం దారిలో ఎక్కడో రాలిపోయింది. 2015లో ఆర్థికవేత్తలు కోర్టు రికార్డులు తిరగేసి చూస్తే, ఆట వదిలిన పన్నెండేళ్లలో దివాలా పిటిషన్ వేసినవాళ్లు దాదాపు 16 శాతం. తక్కువేమీ కాదు. నన్ను ఆపింది అంకె కాదు, దాని పక్కనున్న మాట: ఎక్కువ ఏళ్లు ఆడినా, ఎక్కువ సంపాదించినా ఆ ముప్పు పెద్దగా తగ్గలేదట. అంటే డబ్బు చాలక మునగలేదు.

బేస్‌బాల్ బౌలర్ కర్ట్ షిల్లింగ్‌నే తీసుకోండి. వీడియో గేముల సంస్థ పెట్టారు. రోడ్ ఐలాండ్ రాష్ట్రం 7.5 కోట్ల డాలర్ల రుణానికి హామీ నిలబడింది. 2012లో సంస్థ దివాలా తీసింది. రాష్ట్రం నమ్మింది గేమును కాదు, గాయంతో నెత్తురోడుతున్న చీలమండతో బంతులేసిన ఆ మనిషిని.

వికెట్ల వెనక:
పాత స్కోరుబోర్డు గారు, మీకు రుచించని అధ్యయనం ఒకటి ఉంది. ఎన్‌బీఏ కోచ్‌ల మీద 2011లో వచ్చింది. ఆటగాళ్లుగా ఎంత మెరిస్తే కోచ్‌లుగా వాళ్ల జట్ల గెలుపు శాతం అంత మెరుగ్గా ఉందని తేల్చింది.

పాత స్కోరుబోర్డు:
కోచ్ అన్నారు. కోచ్ పక్క బెంచీ మీదే కూర్చుంటాడు, ఆటకు మూరెడు దూరంలో. నేనడుగుతున్నది జీతాల పట్టీ మీద సంతకం పెట్టేవాడి గురించి.

గోల్ వల:
అయితే ఉలి హోనెస్ గురించి మాట్లాడుకోవాలి. ఇంతవరకు ఎవరూ ఎత్తకపోవడమే ఆశ్చర్యం.

పశ్చిమ జర్మనీ తరఫున 1974 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ గెలిచిన మనిషి. 1976 యూరో ఫైనల్లో పెనాల్టీని గోల్ స్తంభాల మీదుగా ఆకాశంలోకి తన్నిందీ ఈయనే. మోకాలు పాడై, 1979లో 27 ఏళ్లకే ఆట వదిలి బయర్న్ మ్యూనిక్ మేనేజర్ కుర్చీలో కూర్చున్నారు. నిన్నటి దాకా కలిసి ఆడినవాళ్లతో ఇవాళ జీతాల బేరం! క్లబ్బేమో అప్పుల్లో ఉంది. 1984లో ఆయన ఏం చేశారో చూడండి: జట్టుకు ప్రాణం లాంటి కార్ల్ హైంజ్ రుమ్మెనిగెను, తనతో కలిసి ఆడినవాణ్ని, భారీ ధరకు ఇటలీలోని ఇంటర్ మిలాన్‌కు అమ్మేశారు. అప్పుల భారం దిగింది. ఆటగాడిలా ఆలోచించి ఉంటే ఆ పని చేయగలిగేవారా? అదే రుమ్మెనిగె తర్వాత క్లబ్బుకే తిరిగి వచ్చి, 2002 నుంచి 2021 వరకు ముఖ్య అధికారిగా ఉన్నారు. హోనెస్ 2009 దాకా ముప్పై ఏళ్లు మేనేజరుగా, తర్వాత అధ్యక్షుడిగా. మధ్యలో సాసేజీల కర్మాగారం ఒకటి పెట్టారు, అదీ బాగానే నడిచింది.

మరకా చెప్పాలి. 2.85 కోట్ల యూరోల పన్ను ఎగవేసినందుకు 2014లో మూడున్నరేళ్ల శిక్ష పడింది. క్లబ్బు ఖాతాలో పైసా వదలని మనిషి సొంత ఖాతాలో స్టాక్ మార్కెట్ జూదం ఆడారు. దీన్ని ఏ సిద్ధాంతంలో ఇరికించాలో నాకు తెలియదు.

అదే క్లబ్బులో గోల్‌కీపర్‌గా ఆడిన ఒలివర్ కాన్‌ను చూడండి. ఆట వదిలాక మేనేజ్‌మెంట్‌లో పట్టా తీసుకున్నారు, సొంత సంస్థ పెట్టారు, 2020లో బోర్డులో చేరారు, 2021లో ముఖ్య అధికారి అయ్యారు. చదువు, అనుభవం, పేరు, అన్నీ ఉన్నాయి. 2023 మేలో జట్టు లీగ్ గెలిచిన రోజునే ఆయన్ను తీసేశారు. హోనెస్‌కు ఆ పట్టా లేదు. ఆయనకున్నది కుర్చీలో తప్పులు చేసుకునే తీరిక.

ఆట మానినవాడు:
నేను పేరున్న ఆటగాణ్ని కాను. పద్నాలుగేళ్లు వాలీబాల్ ఆడి, మోకాలు మొరాయించాక క్రీడా సామగ్రి అమ్మే సంస్థలో చేరి ఒక విభాగం చూస్తున్నాను. అందుకే ఒక మాట.

ఆటలో తప్పు చేస్తే క్షణంలో తెలుస్తుంది. బంతి నేల మీద పడుతుంది, పాయింటు పోతుంది. ఆఫీసులో ఈ నెల చేసిన తప్పు వచ్చే ఏడాది గానీ బయటపడదు. ఈలోపు అంతా బాగానే ఉందనుకుంటూ తిరుగుతాం. రెండోది ఇంకా కష్టం. ఆడే రోజుల్లో ఎప్పుడు లేవాలి, ఏం తినాలి, ఎవరి ఎదురుగా నిలబడాలి, అన్నీ ఎవరో చెప్పేవారు. క్రమశిక్షణ నా సొత్తనుకున్నాను. అది శిక్షకుడిదని ఆఫీసుకు వచ్చాకే తెలిసింది.

పాత స్కోరుబోర్డు:
ఇది నాకు తట్టలేదు. ఒక మెట్టు దిగుతాను. ఆటగాళ్లు నడపలేరని కాదు, నేర్చుకునే కాలాన్ని వాళ్లకు ఎవరూ ఇవ్వరు. పేరు పెద్దది కాబట్టి పెద్ద కుర్చీనే ఇస్తారు. బాస్కెట్‌బాల్ ఆటగాడు మ్యాజిక్ జాన్సన్‌ను చూడండి. స్టార్‌బక్స్‌తో కలిసి 1998 నుంచి పన్నెండేళ్లపాటు ఒక్కో దుకాణం తెరుస్తూ వందకు పైగా పెంచారు. ఆయనే 2017లో తన పాత జట్టు లేకర్స్‌లో బాస్కెట్‌బాల్ వ్యవహారాల అధ్యక్ష పదవి ఎక్కి, 2019లో యజమానికి చెప్పకముందే విలేకరులకు రాజీనామా సంగతి చెప్పి వెళ్లిపోయారు. నేర్చుకున్న చోట నిలిచారు, నేరుగా కూర్చోబెట్టిన చోట నిలవలేదు.

వికెట్ల వెనక:
లెమ్యూకు ఎవరిచ్చారు ఆ కాలం?

పాత స్కోరుబోర్డు:
దివాలా కోర్టు!

లెక్కల పుస్తకం:
ఆ జవాబు మాత్రం భద్రపరచుకుంటాను. జట్లు కొనకుండా సంస్థలు కట్టినవాళ్లు కూడా ఉన్నారని కలపండి. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, అకాడమీ కోసం సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. శీతల పానీయం ప్రకటనకు పేరు అమ్మనన్నారు, అంటే నేను చెప్పిన మొదటి పనినే వద్దనుకున్నారు. హాకీ జట్టు సారథి వీరేన్ రస్కినా ఆట వదిలి మేనేజ్‌మెంట్ చదివి, ఒలింపిక్ క్రీడాకారులకు అండగా నిలిచే సంస్థ ఒలింపిక్ గోల్డ్ క్వెస్ట్‌ను నడిపారు. ఇద్దరికీ జట్టు కొనే స్తోమత లేదు. నేర్చుకోవడం తప్ప దారి లేదు.

గోల్ వల:
ఆట మానినవాడు గారు, మీకు ఎంతకాలం పట్టింది?

ఆట మానినవాడు:
మూడేళ్లు. మొదటి ఏడాదంతా సమావేశాల్లో ఎవరైనా నా మాట కాదంటే ఓడిపోయాననుకునేవాణ్ని.